చిన్నాన్నకు వెళ్లిన దసరా కార్డు

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి అందరూ తిప్పే ఫార్వర్డ్ బొమ్మలు పంపడం నాకు ఇష్టం ఉండదు. అందుకే రెండేళ్లుగా ఒక యాప్ వాడుతున్నాను. ఫోన్‌లో ఉన్న పేర్లు తీసుకుని, భార్యాభర్తల పేర్లు కలిపి ఒక్కొక్కరికీ విడిగా కార్డు తయారు చేస్తుంది. పోయిన దసరాకు అలా 212 మందికి పంపాను. అందులో ఒకటి జనగామలో ఉండే మా చిన్నాన్నకు వెళ్లింది. ఆయన పేరు, చిన్నమ్మ పేరు రాసి, 'దంపతులకు విజయదశమి శుభాకాంక్షలు' అని. మా చిన్నమ్మ పోయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. చిన్నాన్న 'మంచిది బిడ్డా' అని మాత్రం జవాబు పెట్టారు. ఆ రోజు పొద్దుగూకే దాకా ఆ కార్డునే తెరిచి చూస్తూ కూర్చున్నారని తర్వాత మా తమ్ముడు చెప్పాడు. అప్పటి నుంచి ఆయనకు ఫోన్ చేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. మళ్లీ దసరా వస్తోంది. శుభాకాంక్షలు పంపడమే మానేయాలా? పంపితే ఇంతమందికి విడివిడిగా ఎలా రాయాలి? ఆఫీసులో వేరే రాష్ట్రాల వాళ్లున్నారు, పక్క ఫ్లాట్‌లో ముస్లిం కుటుంబం ఉంది, వాళ్లకేం రాయాలి? మా ఆయనేమో 'ఒక మెసేజ్ కాపీ చేసి అందరికీ పెట్టెయ్, దీనికింత టెన్షన్ ఎందుకు' అంటున్నాడు. మూడో తరగతి చదివే మా పాప మాత్రం అమ్మమ్మకు తనే చేత్తో కార్డు రాస్తానంటోంది.
(పేరు వద్దు, కూకట్‌పల్లి)

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా ప్రశ్నలు అడిగారు గానీ, ఏడాదిగా మిమ్మల్ని తొలుస్తున్నది చిన్నాన్న విషయం ఒక్కటే. దాంతోనే మొదలుపెడతాను.

ఆయన దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో వద్దు, మెసేజ్ అసలే వద్దు. ఉప్పల్ వెళ్తే వరంగల్ బస్సు దొరుకుతుంది, పొద్దున్నే బయల్దేరితే పదిగంటలకల్లా జనగామలో ఉంటారు. పండగ రోజు దాకా ఆగకండి. ఆ రోజు ఇల్లంతా మనుషులు ఉంటారు, మీరు అనదలచుకున్న మాట గొంతులోనే ఉండిపోతుంది. దసరాకు ఒకటి రెండు వారాల ముందు, ఏదో ఒక ఆదివారం వెళ్లండి. మీ ఆయనను, పాపను కూడా తీసుకెళ్లండి. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో పెద్దవాళ్లకు మాట కలపడం తేలికవుతుంది.

వెళ్లాక ఏమనాలి? తక్కువ మాటల్లో అనండి. "చిన్నాన్నా, నిరుడు దసరాకు నా ఫోన్ నుంచి చిన్నమ్మ పేరుతోటి కార్డు వచ్చింది గదా. నేను చూసుకోకుండ పంపిన. నాదే తప్పు." ఇక్కడితో ఆపేయండి. యాప్ మాట ఎత్తకండి. "నేను పంపలేదు, యాప్ పంపింది" అంటే మీకు తేలిగ్గా ఉంటుందేమో గానీ ఆయనకు ఇంకోసారి గుచ్చుకుంటుంది. నా పేరు రాసేటప్పుడు కూడా ఈ పిల్ల నన్ను తలుచుకోలేదా అనిపిస్తుంది. ఏడుపు వస్తే రానివ్వండి, కానీ ఆయన మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తెచ్చిపెట్టకండి. దుఃఖం ఆయనది, దాన్ని కాసేపు పక్కన పెట్టి మీకు ధైర్యం చెప్పే పని ఆయన మీద పడకూడదు.

ఆ తర్వాత చిన్నమ్మ గురించి మాట్లాడండి. మనం చాలామందిమి చేసే పొరపాటు ఒకటుంది. మనిషి పోయిన ఇంటికి వెళ్లి ఎండల గురించి, పంటల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడి వచ్చేస్తాం. పోయిన మనిషి పేరు ఎత్తితే బాధపడతారని భయం. వాళ్లకు ఆ పేరు రోజంతా లోపల తిరుగుతూనే ఉంటుంది. బయట ఎవరూ పలకకపోతే ఇంకా బాధ. "చిన్నమ్మ సత్తుపిండి ఎట్ల చేస్తుండె చిన్నాన్నా, మా ఇంట్ల ఎవ్వరికి ఆ రుచి వస్తలేదు" అని అడగండి. నువ్వులో, పల్లీలో, పెసలో ఆయన చెబుతారు. చెబుతూ చెబుతూ ఇంకేదో చెబుతారు.

ఇంకో సంగతి. ఆ సాయంత్రం ఆయన ఆ కార్డును చూస్తూ కూర్చున్నది కోపంతోనే అని మీరు ఖాయం చేసుకున్నారు. నాకు అలా అనిపించడం లేదు. భార్య పోయాక మగవాడి పేరు పక్క నుంచి ఆమె పేరు ఒక్కొక్క చోటే తప్పుకుంటుంది. రేషన్ కార్డులో తీసేస్తారు. బ్యాంకు పాస్‌బుక్కులో తీసేస్తారు. నిన్నటి దాకా ఇద్దరి పేర్లూ రాసి ఇచ్చిన పెళ్లిపత్రిక ఇప్పుడు ఆయన ఒక్కడి పేరుతో వస్తుంది. ఆ మూడు నెలల్లో ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసి ఆయనకు చేరింది మీ కార్డు ఒక్కటే కావచ్చు. ఇలా అన్నానని మీ పొరపాటు ఒప్పయిపోదు. కానీ ఆయన చూపులో ఉన్నది మీ మీద కోపమేనని అనుకుని ఏడాది పాటు దూరంగా ఉండిపోయారు చూశారా, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఇలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. మేం అంబర్‌పేటలో పెరిగాం. దసరా నాడు జమ్మి చెట్టుకు కట్టే చీటీ మీకు తెలిసే ఉంటుంది. 'శమీ శమయతే పాపం శమీ శత్రు వినాశినీ' అన్న శ్లోకం రాసి, కింద గోత్రం, ఇంట్లో అందరి పేర్లు రాసి కొమ్మకు కట్టి వస్తారు. అజ్ఞాతవాసానికి వెళ్లేముందు పాండవులు ఆయుధాలు దాచింది ఆ చెట్టు మీదే కదా. మా నాన్న పొద్దున్నే స్నానం చేసి, ఒక తెల్ల కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టి, ఎర్ర ఇంకు పెన్నుతో రాసేవారు. మొదట నానమ్మ పేరు, తర్వాత తనది, అమ్మది, మా ముగ్గురివి. ఆ ఏడు ఇంటికి కోడలు వస్తే ఆ పేరు చేరేది. మనవడు పుడితే, ఇంకా పేరు పెట్టకపోతే 'చిరంజీవి' అని రాసి పక్కన ఖాళీ వదిలేవారు. నానమ్మ పోయిన ఏడు మాకు పండగ లేదు, చీటీ రాయలేదు. తర్వాతి ఏడు కాగితం ముందు కూర్చున్నారు. అలవాటు కొద్దీ చేయి నానమ్మ పేరే ముందు రాసేసింది. రాసి ఆగిపోయారు. కొట్టేస్తారేమో, కాగితం మారుస్తారేమో అని నేను పక్కన నిలబడి చూస్తున్నాను. కొట్టేయలేదు. ఆ పేరు కిందే తన పేరు, అమ్మ పేరు, మా పేర్లు రాసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం చీటీ చెట్టుకు కట్టేటప్పుడు కొమ్మ వంచి పట్టుకున్నది నేనే. ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. మీ చిన్నాన్న సాయంత్రం దాకా ఫోన్ చూస్తూ కూర్చున్నారని చదవగానే నాకు ఆ చీటీయే కళ్లముందుకు వచ్చింది.

కాబట్టి భయపడకుండా వెళ్లండి. ఈసారి ఆయన ఇంట పండగకు అడ్డం కూడా లేదు. మీరు రాసిన లెక్క ప్రకారం చిన్నమ్మ సంవత్సరీకం అయిపోయి ఉండాలి. దసరా సాయంత్రం జమ్మికి వెళ్లొచ్చాక, ఏడెనిమిది గంటలప్పుడు ఫోన్ చేసి మాట్లాడండి.

ఈ సందర్భంలో అందరికీ పనికొచ్చే మాట ఒకటి. మనిషి పోయిన ఇంటివాళ్లు ఆ ఏడాది పండగ చేసుకోరు, వాళ్లకు శుభాకాంక్షలు చెప్పరు. వచ్చే మొదటి పండక్కి దగ్గరివాళ్లు వెళ్లి పలకరించి వస్తారు. ఈ పద్ధతి ఊళ్లో ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది, ఎందుకంటే ఏ గడపలో ఏమైందో అందరికీ ఎరుకే. నగరంలో మన ఫోన్‌లో ఉన్న రెండు మూడొందల మందిలో ఎవరింట ఏం జరిగిందో అంతగా తెలియదు. అందుకే ఎవరికీ ఏమీ పంపకముందే ఒకరోజు ఇంట్లో పెద్దవాళ్లతో పది నిమిషాలు కూర్చుని అడగండి. "ఈ ఏడాది మనవాళ్లలో ఎవరెవరు పోయారు? ఎవరింట పండగ లేదు?" మీ అమ్మగారికో అత్తగారికో ఆ వివరమంతా నోటి మీదే ఉంటుంది. పండగ లేని ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లకు ఎదురుగా గుర్తు పెట్టుకోండి. వాళ్లకు పండగ మాట లేకుండా "ఎట్లున్నరు? ఈ పండక్కి మీరే గుర్తొస్తున్నరు" అని ఒక్క పలకరింపు చాలు.

ఇక యాప్. దాన్ని తీసేయమనే చెబుతాను. పేరు పెట్టి పలకరించాలన్న మీ ఆలోచన మంచిదే. కానీ ఆ యాప్‌కు తెలిసింది మీరు ఫోన్‌లో సేవ్ చేసుకున్న అక్షరాలే. మనం సేవ్ చేసుకునేది మన గుర్తు కోసం. 'ప్లంబర్ యాదగిరి' అని ఉంటే కార్డు మీద కూడా 'ప్రియమైన ప్లంబర్ యాదగిరి' అనే పడుతుంది. ఇరవై ఏళ్లుగా మన ఇంటి నల్లాలు బాగుచేస్తున్న మనిషి ఆ కార్డు చూసుకుంటే ఏమనుకుంటాడు? ఇంగ్లీషులో ఉన్న పేరును తెలుగులోకి మార్చేటప్పుడు 'లత' 'లాథ' కావచ్చు. తన పేరు తప్పు రాసిన కార్డు వస్తే, పేరే లేని బొమ్మ వచ్చినదానికన్నా ఎక్కువ ముచ్చట పోతుంది. పైగా అలాంటి యాప్‌కు మీరు మీ కాంటాక్టులన్నీ చూసే అనుమతి ఇచ్చి ఉంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ముందు ఆ అనుమతి ఆపేయండి, తర్వాత యాప్ తీసేయండి. అలాగే పండగ రోజుల్లో 'మీ కోసం ఒక సర్‌ప్రైజ్, పేరు రాసి చూడండి' అని వచ్చే లింకులు, శుభాకాంక్షల పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కించేవి) ఎవరి నుంచి వచ్చినా తెరవకండి. తెలిసినవాళ్ల ఫోన్ హ్యాక్ అయితే వాళ్ల పేరుతోనే వస్తాయి. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పి ఉంచండి.

మీ ఆయన మాటలో కూడా కొంత న్యాయం ఉంది. తయారుగా ఉన్న మాటను పంపడం ఈ కాలం వాళ్లు కనిపెట్టిన తప్పేమీ కాదు. మన తంతి తపాలా శాఖ టెలిగ్రాముల్లోనే శుభాకాంక్షలకు నంబర్లు ఉండేవి. ఒకటో నంబరు అంటే దీపావళి శుభాకాంక్షలు, ఎనిమిదో నంబరు అంటే దాంపత్యం కలకాలం సుఖంగా సాగాలని. కౌంటర్ దగ్గర నంబరు చెబితే చాలు, అవతల ఊళ్లో ఆ వాక్యం మొత్తం కాగితం మీద వచ్చేది. 2013 జూలైలో టెలిగ్రామే ఆగిపోయింది. మా అమ్మానాన్నల పెళ్లికి పదకొండు టెలిగ్రాములు వచ్చాయట, అన్నిట్లోనూ అదే ఎనిమిదో నంబరు వాక్యం. అయినా అమ్మ వాటిని దాచుకుంది. ఎందుకంటే దాన్ని పంపడానికి ఆ మనిషి పని మానుకుని, సైకిలెక్కి, పోస్టాఫీసు దాకా వెళ్లి, వరుసలో నిలబడి, డబ్బు కట్టాడని ఆమెకు తెలుసు. వాక్యం అందరిదీ ఒకటే అయినా శ్రమ ఎవరిది వాళ్లదే. ఇప్పుడు ఆ శ్రమ పోయింది కాబట్టి, మనిషిని తలుచుకున్నామన్న గుర్తు ఆ మాటల్లోనే కనబడాలి. మీ ఆయనకు ఇదే చెప్పండి.

అయితే 212 మందికీ అలా రాయలేరు, రాయనక్కర్లేదు కూడా. కూర్చుని ఆ జాబితా ఒకసారి చదవండి. ఏడాదిలో ఒక్కసారి కూడా మాట్లాడనివాళ్లు, ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకర్, పాత ఆఫీసు సెక్యూరిటీ నంబరు, ఇలాంటివన్నీ పోను మీకు నిజంగా మాట చేరాల్సినవాళ్లు ముప్పై, నలభై మంది మిగులుతారు. అందులో పెద్దవాళ్లు ఓ పదిమంది ఉంటారు. ఆ పదిమందికి ఫోన్ చేయండి, లేదా గొంతు రికార్డు చేసి పంపండి. మిగిలిన పాతికమందికి రెండేసి వాక్యాలు రాయండి. ఒక్కరికి రెండు నిమిషాలు అనుకున్నా గంటలోపే అయిపోతుంది. ఆ గంట కూడా ఒకేసారి వద్దు. సద్దుల బతుకమ్మ నాటి నుంచి దసరా మర్నాటి దాకా మూడు నాలుగు రోజులకు పంచుకోండి. బస్టాప్‌లో, మెట్రోలో, కుక్కర్ విజిల్ వచ్చేలోగా రాసెయ్యొచ్చు.

పండగ పొద్దున్నే పంపాలన్న ఆరాటం కూడా వదిలేయండి. ఆ పూట అందరి ఫోనూ బొమ్మలతో నిండిపోతుంది, మీ మాట వాటి అడుగున పడుతుంది. మన దగ్గర అసలు పలకరింపు మొదలయ్యేదే సాయంత్రం జమ్మికి వెళ్లొచ్చాక కదా. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమని ఇచ్చి, పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టి, ఈడువాళ్లను గుండెకు హత్తుకుని అలయ్ బలయ్ తీసుకుంటాం. ఆ తర్వాత రెండు మూడు రోజుల దాకా ఎవరు ఎదురైనా అదే. బండారు దత్తాత్రేయ గారు ఏటా హైదరాబాద్‌లో జరిపే అలయ్ బలయ్ కూడా దసరా వెళ్లాకే కదా. మర్నాడు చెబితే ఆలస్యమైందని మనవాళ్లెవరూ అనుకోరు.

ఏం రాయాలన్నారు. ఆ మనిషికి తప్ప ఇంకొకరికి పంపడానికి వీల్లేని మాట ఒక్కటి ఉంటే చాలు. పంపేముందు పేరు తీసేసి చదువుకోండి. పేరు లేకపోయినా అది ఎవరికి రాశారో తెలిసిపోవాలి. 'అష్టైశ్వర్యాలు, ఆయురారోగ్యాలు' తర్వాత పెట్టుకోవచ్చు, అవి మంచి మాటలే. ముందు ఆ ఒక్క మాట రావాలి.

మీ మేనత్తకు ఇలా రికార్డు చేయొచ్చు: "అత్తా, దసరా దండాలు. ఎండాకాలం నువ్వు కట్టి పంపిన మామిడికాయ తొక్కు నిన్ననే అయిపోయింది, జాడీ కడుగుతుంటే నువ్వే యాదికొచ్చినవ్. మోకాళ్ల నొప్పి తగ్గిందా? వచ్చే ఆదివారం జమ్మి తీసుకొని వస్తున్న." ఇంతే. ఇరవై సెకన్లు. పెద్దవాళ్లకు నేను గొంతే పంపమనేది ఎందుకంటే చాలామందికి చిన్న అక్షరాలు కనబడవు, కొందరికి చదువే రాదు. గొంతు అయితే పక్కింటావిడకు కూడా వినిపించుకుంటారు. మా అమ్మ ఒకే రికార్డును వంటింట్లో మూడుసార్లు పెట్టుకుని వినడం నేను చూశాను.

కాలేజీ స్నేహితురాలికి: "పోయిన దసరా నాటికి నువ్వు ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నావ్. ఈ దసరాకు కొత్త ఆఫీసులో ఉన్నావ్. ఈ ఏడాది నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసు. పాలపిట్ట నిన్నే వెతుక్కుంటూ రావాలి." మనకు దసరా నాడు పాలపిట్టను చూడటం శుభం కాబట్టి ఆ మాట తెలంగాణ మనిషికి ఇట్టే అందుతుంది. ఉద్యోగం ఇంకా దొరకని స్నేహితురాలికి మాత్రం 'ఈ విజయదశమితో విజయాలే విజయాలు' అని రాయకండి. "శనివారం ఖాళీయేనా, కలుద్దాం" అని రాయండి. పిల్లల కోసం చికిత్స తీసుకుంటున్న జంటకు 'వచ్చే దసరాకు ముగ్గురవ్వాలి' అని రాసేవాళ్లున్నారు. ప్రేమతోనే రాస్తారు, కానీ ఆ ఇంట్లో ఆ పండగ అక్కడితో అయిపోతుంది. ఎవరి లోటు వాళ్లకు గుర్తుచేసే దీవెన ఎంత తియ్యగా ఉన్నా వద్దు.

మీ ప్లంబర్ యాదగిరిగారికి కార్డు కూడా వద్దు. ఈసారి వచ్చినప్పుడు చేతిలో జమ్మి ఆకు, ఇంట్లో చేసిన గారెలు నాలుగు పెట్టండి.

మాట తప్పకుండా చేరాల్సిన ఆ నలభై మంది కాక ఇంకా ఓ యాభై మందికైనా చెప్పాలనిపిస్తే, వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడుకోండి. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, ఒకరికి పంపింది ఇంకొకరికి కనబడదు, జవాబులు మీకొక్కరికే వస్తాయి. మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అలా పంపేది మీ సొంత వాక్యమై ఉండాలి, పైన ఎవరి పేరూ ఉండకూడదు. "ఈ దసరాకు మా ఇంట్లో అందరం క్షేమం. మీరూ అలాగే ఉండాలని, కూకట్‌పల్లి నుంచి" అంటే నిజాయితీగా ఉంటుంది. అందరికీ పంపింది అందరికీ పంపినట్టే కనబడితే ఎవరికీ కష్టం ఉండదు. వేరేవాళ్లు పంపిన బొమ్మను ముందుకు నెడితే మాత్రం పైన ఫార్వర్డ్ అని గుర్తు పడుతుంది, అయిదు చేతులు మారి వచ్చినదైతే రెండు బాణాల గుర్తు పడుతుంది. అది చూశాక మీ పేరు మీద వచ్చిందన్న సంతోషం ఎవరికి మిగులుతుంది?

ఆఫీసువాళ్ల విషయం తేలిక, ఎందుకంటే ఇది ఒకే సమయంలో ఎవరికి వాళ్లు వేరే పేరుతో చేసుకునే పండగ. బెంగాలీ సహోద్యోగి ఉంటే వాళ్లకిది దుర్గాపూజ. దశమి నాడు అమ్మవారి నిమజ్జనం అయ్యాక 'శుభో బిజయా' అని చెప్పుకుంటారు, కాబట్టి వాళ్లకు ఆ సాయంత్రం తర్వాత పంపండి. తమిళులకు ముందురోజు ఆయుధపూజ, సరస్వతీపూజ ముఖ్యం, ఇంట్లో బొమ్మలకొలువు కూడా ఉంటుంది. "కొలువులో ఈసారి కొత్త బొమ్మలేం పెట్టారు? ఫొటో పంపండి" అని అడగండి. గుజరాతీ అమ్మాయికి తొమ్మిది రాత్రుల గర్బా ఆడి కాళ్లు నొప్పులు పుట్టి ఉంటాయి, అదే అడగండి. ఉత్తరాది వాళ్లకు రావణదహనం. వాళ్ల ఊళ్లో, వాళ్లింట్లో ఆ పండగకు ఉన్న పేరు ఒక్కటి కలిస్తే, ఇంటికి దూరంగా ఈ నగరంలో ఉన్న మనిషికి అది ఎంత పెద్ద మాటో మీకు వాళ్ల జవాబులోనే తెలుస్తుంది. మేనేజర్‌కు మాత్రం రెండు ముక్కలు చాలు, అక్కడ పొగడ్త కలిపితే శుభాకాంక్ష కాస్తా అర్జీలా అయిపోతుంది.

పక్క ఫ్లాట్ వాళ్లకు ఏం రాయాలని అడిగారు. గోడ అవతల ఉన్నవాళ్లకు రాయడమెందుకమ్మా? తలుపు తట్టండి. రంజాన్‌కు వాళ్లింటి నుంచి మీకు షీర్ ఖుర్మా వచ్చే ఉంటుంది. గారెలో, పాయసమో పట్టుకెళ్లండి. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు, అదీ హైదరాబాద్ పద్ధతే. అలయ్ బలయ్ అంటే ఏమిటో వాళ్లకు చెప్పాల్సిన పని కూడా లేదు, ఈద్ నాడు వాళ్లూ గుండెకు హత్తుకునే పలకరిస్తారు. ఫోన్‌లో పంపితే ఈ గిన్నె రాకపోకలన్నీ పోతాయి. దసరాకు ఇంట్లో మాంసం వండే అలవాటుంటే, వాళ్లు హలాల్ మాత్రమే తింటారేమో కనుక ఆ రోజు తీపి ఇవ్వడమే మర్యాద.

చివరగా పాప. తప్పకుండా రాయనివ్వండి. మీరు పక్కన కూర్చుని వాక్యాలు చెప్పకండి, తప్పులు దిద్దకండి. 'అమ్మమ్మ నువు ఎపుడు వస్తవు' అని రాసిందనుకోండి, అలాగే వెళ్లనివ్వండి. కార్డు పోస్టు చేయడానికి నాలుగు రోజుల ముందే జమ్మి ఆకు దొరికితే ఒక చిన్న రెమ్మను పుస్తకంలో ఆరబెట్టి కార్డులో పెట్టమనండి, బంగారం అమ్మమ్మకు ఉత్తరంలోనే చేరుతుంది. అడ్రసు మాత్రం మీరు రాయండి: ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా, ఆరంకెల పిన్ కోడ్. పిన్ కోడ్ తెలియకపోతే మీ అమ్మగారి ఆధార్ కార్డు మీద ఉంటుంది. ఇంటి దగ్గర ఉత్తరం అందుకునేది ఎవరో వాళ్ల పేరు, ఫోన్ నంబరు కూడా కింద రాయండి. పండక్కి వారం పది రోజుల ముందే పోస్టు చేయండి. పాపను పోస్టాఫీసుకు తీసుకెళ్లి, డబ్బాలో తన చేత్తోనే వేయించండి.

జనగామకు వెళ్లే రోజు కూడా ఒక తెల్ల కాగితం, పెన్ను పాప చేతికి ఇవ్వండి. చిన్నాన్నకు ఏం రాయాలో అది తాతనే అడుగుతుంది.